పురుషుల గంధధారణము: పాలమూరు, నల్లగొండ సీమల యాచారము

కొత్తకోట హైదరాబాదునుండి కర్నూలునకుఁ బోవు రాజమార్గముమీఁది యూరు. పూర్వము వనపర్తి సంస్థానములోనిది. 2016వ సంవత్సరమున వనపర్తి జిల్లా యేర్పడువఱకు మహబూబునగరము జిల్లాలోనిదై యుండెను. నేఁతపనికిఁ బేరుగన్నది. చుట్టును ఎఱ్ఱచెలకలు, రాతిగుట్టలు, నడుమ నడుమఁ జెఱువులు. దక్షిణమునఁ గొంతదూరమునఁ గృష్ణానది. జొన్నయు, ఆముదమును పండు నీ మెట్టభూమి కర్పూరమును గాని, కస్తూరిని గాని, కుంకుమపూవును గాని యెన్నఁడును ఈనలేదు. అవి యన్నియుఁ బరదేశములనుండి యోడలమీఁదను, పెరికయెద్దులమీఁదను రావలసినవే. అట్లయ్యును ఈ సీమలోఁ గలిగినవారి యింటఁ బెండ్లికి వచ్చిన పురుషుని చేతులకు గంధము పూసి, పన్నీరు చిలికి, తాంబూల మిచ్చి పంపుట తప్పరాని మర్యాదగా నుండెను. ఇంతదూరమునుండి తెచ్చిన వస్తువును పురుషుని యొడలికిఁ బూయుటలోని యుద్దేశ మేమి?

దీనినిగూర్చి తఱచుగా వినవచ్చు మాటలు రెండు. సుగంధము స్త్రీల యలంకారమనియు, పురుషుఁడు దానిఁ బూసికొనుట మెత్తఁదనమునకు గుర్తనియు నొకమాట. మగవారు వాసనలు పూసికొను వాడుక మహమ్మదీయప్రభుత్వముతో వచ్చినదనియు, అంతకుముందు తెలుఁగువాఁ డెఱుఁగఁడనియు రెండవమాట. రెండును సాక్ష్యమునకు నిలువవు. శాసనములను, కావ్యములను, ఆచారములను ప్రక్కప్రక్కనుంచి చూచినచోఁ దేలునది వేఱు. పురుషుఁడు గంధము పూసికొనవచ్చునా యనుట ఈ దేశమున వివాద మైనది కాదు. ఏ యధికారముతోఁ బూసికొనెను, ఎవరిచేతినుండి పుచ్చుకొనెను అనునదియే వివాదము. పుచ్చుకొన్న గంధము గౌరవము. తనకుఁ దాఁ బూసికొన్నది విలాసము. పూయవలసిన కాలము రాకయే పూసికొన్నది యపరాధము. స్థూలముగా నిదియే ఈ సీమవారి ధోరణి.

ముందు నిషేధమునుండి మొదలుపెట్టుట మేలు. ఏలయన, నిషేధ మున్నచోటనే వాడుక తెలియును. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున బ్రహ్మచారి విడువవలసినవానిలో మధుమాంసములతో గంధమాల్యములును, స్త్రీలును ఒక్కచోటనే చెప్పఁబడిరి. బౌద్ధభిక్షువుల దశశీలములలో మాలాగంధవిలేపనముల విసర్జన మొకటి. నల్లగొండసీమకు దక్షిణపుటంచున, కృష్ణయొడ్డున, క్రీస్తుశకము మూఁడవశతాబ్దమున ఇక్ష్వాకుల విజయపురి వెలసి, నాగార్జునకొండలోయ విహారములతో నిండియున్న కాలమున, స్తూపమునకు గంధపుష్పములు సమర్పించు గృహస్థుఁడును, వానిని దన యొడలి కంటనీయని భిక్షువును ఒక్క ప్రాంగణముననే నిలిచిరి. కొలనుపాక జైనమునులకు స్నానమే లేదు, ఇఁక గంధ మెక్కడిది? పాల్కురికి సోమనాథుఁడు కీర్తించిన శివభక్తులకు విభూతియే సర్వాంగలేపనము. ఈ నిషేధములలో నొక్కటియు, గంధము మగతనమునకుఁ దగదనుచున్నది కాదు. లోకమును విడిచినవాఁడును, లోకమున నింకను బ్రవేశింపనివాఁడును దానిని ముట్టరాదని మాత్రమే వాని తాత్పర్యము. అనఁగా, గంధము గృహస్థుని సొత్తు.

నిషేధము తొలఁగునపుడు జరుగు తంతు ఇంకను స్పష్టమైనది. విద్య ముగించిన బ్రహ్మచారికి సమావర్తనమునాఁడు గంధము, పూలు, కాటుక, అద్దము, గొడుగు, పాదరక్షలు, కఱ్ఱ వరుసగా లభించును. ఆశ్వలాయనగృహ్యసూత్రము ఈ సందర్భమున గంధము పూసికొను క్రమమును విధించుచు, బ్రాహ్మణుఁడు ముందుగా ముఖమునకును, క్షత్రియుఁడు బాహువులకును, వైశ్యుఁ డుదరమునకును బూసికొనవలెనని చెప్పినది. అంతటితో నాఁగక, పరుగెత్తి జీవించువారు తొడలకుఁ బూసికొనవలెనని చేర్చినది. ఈ చివరిమాట చదివి నవ్వు వచ్చినను, దానిలోనే సూత్రకారుని భావము దాఁగియున్నది. ఎవనికి ఏ యవయవము జీవనాధారమో వాని కా యవయవమునకు గంధము. ఇట్టిదానిని సింగార మనుటకంటె అభిషేక మనుట తగును.

ఈ సమావర్తనమే నేఁడు పెండ్లికి ముందు జరుగు స్నాతకముగాఁ గుదించుకొని మిగిలినది. పాలమూరుసీమలోని బ్రాహ్మణ వైశ్యకుటుంబములలో వరుఁడు స్నాతకముచేసికొని, గంధము పూసికొని, కాటుక పెట్టుకొని, గొడుగు పట్టి, కాశికి బయలుదేఱును. వధువువైపువారు వెనుకకుఁ ద్రిప్పి తెత్తురు. కాశీయాత్ర వేడుకగా మాఱినది గాని, ఆనాఁడు వరునకుఁ బూయు గంధము మాత్రము పూర్వార్థమునే చెప్పుచున్నది. ఇక్కడ నొక యన్యాయమును గుర్తింపవలసియున్నది. భార్య గతించిన పురుషునకు గంధ మెవ్వరును మానిపింపలేదు. భర్త గతించిన స్త్రీకి గంధము, పూలు, పసుపు నొక్కనాఁడే తీసివేసిరి. సుగంధము స్త్రీలదే యను మాట కిది చాలిన యుత్తరము. స్త్రీకి గంధము భర్తపేర నరువుగా నీయఁబడినది. పురుషునకుఁ దనపేరనే యీయఁబడినది.

మహాభారతమున సభాపర్వములోని యొక కథ ఈ విషయమునఁ బండితులు తఱచు విడిచిపోవునది. కృష్ణుఁడును, భీమార్జునులును స్నాతకవేషములతో గిరివ్రజము ప్రవేశించుచు, అంగడిలోని మాలాకారులనుండి పూలదండలు బలిమిఁ బుచ్చుకొని, గంధాగరువులు పూసికొని జరాసంధుని మందిరమునకు వచ్చిరి. జరాసంధుఁడు వారిని జూచి మొదట సందేహించినది ఆ పూలనుగూర్చియు, గంధమునుగూర్చియు. స్నాతకవ్రతులు బయట మాల్యానులేపనములు ధరింపరు. వీరి చేతులపై వింటినారి కాయలు గలవు. కావున వీరు చెప్పుకొనునట్టివారు కారు. కృష్ణుఁ డిచ్చిన యుత్తరమును గమనింపఁదగినదే: పూలు ధరించువారియందు శ్రీ నిలుచును, క్షత్రియులును స్నాతకులు కావచ్చును. వేషమును నమ్మని రాజు వాసనను నమ్మెను. వాసన వారి కులమును బయటఁబెట్టెను. స్నాతకుఁడు మాల్యమును వెలికిఁ గనుపట్ట ధరింపరాదను నియమము మనుస్మృతి చతుర్థాధ్యాయమునను గలదు. కనుక జరాసంధుని సందేహము శాస్త్రసమ్మతమే.

భాగవతమున కుబ్జకథ దీనికిఁ దోడు. పోతనామాత్యుని దశమస్కంధము ఇంటింటఁ జదువఁబడిన తెలుఁగుదేశమున ఈ కథ తెలియనివారు లేరు. కంసునికై నూఱిన మైపూఁతను గొనిపోవుచున్న దాసి దానిని గోపబాలకులగు రామకృష్ణులకుఁ బూసెను. అంతకుముందే రాజుగారి చాకలినుండి వస్త్రములును, సుదాముఁడను మాలాకారునినుండి పూలమాలయు వారికి లభించినవి. వస్త్రము, మాల్యము, గంధము అను మూఁడు రాజసత్కారములును కంసునిచేతినుండి జాఱి కృష్ణునిఁ జేరినతరువాతనే ధనుర్భంగము జరిగినది. కుబ్జ వంకర దీర్పఁబడుటను భక్తులు ముఖ్యముగాఁ జెప్పుదురు. చరిత్రదృష్టితోఁ జూచువారికి గంధము చేయి మాఱుట ముఖ్యము. రాజ్య మప్పుడే చేయి మాఱినది.

నాగరకుని విలాసమునుగూర్చి వాత్స్యాయనుఁడు చెప్పినది సుప్రసిద్ధము. ప్రొద్దుటనే దంతధావనము చేసి, మితముగా అనులేపనము పూసికొని, ధూపము పట్టి, మాల ధరించి, అద్దమున ముఖము చూచుకొని, తాంబూలము వేసికొని వాఁడు పనులకుఁ బూనుకొనును. మితముగా నను విశేషణ మచ్చట నూరకయే పడలేదు. వరాహమిహిరుఁడు ఆఱవశతాబ్దమున బృహత్సంహితయందు గంధయుక్తికి నొక యధ్యాయమునే కేటాయించెను. అతఁడు జ్యోతిషికుఁడు గావున గంధమునకుఁ గూడ గణితము పట్టించెను. పదునాఱు ద్రవ్యములనుండి నాలుగేసి యేర్చినచో 1,820 విధములగును. వాని పాళ్ళను మార్చి మార్చి కలుపఁగా 1,74,720 గంధము లగునని లెక్క తేల్చెను. బడిపిల్లలకు సంయోగగణితము నేర్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు. ఇట్టి గ్రంథముల నాధారము చేసికొని భారతీయుల సుగంధచరిత్రమును 1940 ప్రాంతములయందు పి. కె. గోడే గారు విరివిగా వ్రాసిరి.

ఈ శాస్త్రము తెలంగాణపు మెట్టసీమకు వచ్చిన త్రోవ కల్యాణిచాళుక్యులది. పదునొకండవ, పండ్రెండవ శతాబ్దులలో పాలమూరు, నల్లగొండ ప్రాంతముల నేలిన కందూరి చోడులు కల్యాణమునకు సామంతులు. ఆ చక్రవర్తులలో మూఁడవ సోమేశ్వరుఁడు 1129 ప్రాంతమున మానసోల్లాసమను నామాంతరముగల అభిలషితార్థచింతామణిని రచించెను. రాజునకుఁ దగిన యుపభోగములు ఇరువదింటిలో స్నానము, తాంబూలము, విలేపనము, మాల్యము, ధూపము వేఱువేఱు ప్రకరణములుగా నున్నవి. ఏ ఋతువున నే విలేపనము తగునో కూడ విధింపఁబడినది. ఒక చక్రవర్తి తన గ్రంథమున సైన్యమునుగూర్చియు, కోశమునుగూర్చియు వ్రాసిన చేతితోనే మైపూఁతలనుగూర్చి వ్రాయుటకు సిగ్గుపడలేదు. సిగ్గుపడవలసిన పని యని యాకాలమువాఁ డెవ్వఁడును దలఁపలేదు. గోలకొండ సుల్తానుల పూర్వు లింకను ఈ దేశమున నడుగుపెట్టకముందు మూఁడువందలయేఁడులకుఁ బైఁబడిన మాట యిది. పైని జెప్పిన రెండవమాట యిచ్చటనే వీగిపోయినది.

సరకు వచ్చిన మార్గమునకు శాసనసాక్ష్యము కలదు. కాకతీయ గణపతిదేవుఁడు శకవర్షము 1166, అనఁగా 1244-45లో, మోటుపల్లి రేవునఁ బరదేశపు వర్తకుల కభయమిచ్చుచు వేయించిన శాసనమున సుంకము విధింపఁబడిన వస్తువులలో శ్రీగంధము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, జవాది, కర్పూరతైలము పేరు పేరునఁ జెప్పఁబడినవి. జవాది యనునది యరబ్బీపదమునుండి వచ్చినది. అదే వస్తువునకుఁ దెలుఁగువాఁడు పునుఁగని తన పేరు తాను పెట్టుకొనియున్నాఁడు. ఒక్క సరకునకు రెండుపేరులు వ్యవహారమున నుండుట, అది స్వదేశమునను లభించినదనియు, సముద్రముమీఁదను వచ్చినదనియుఁ దెలుపును. ఓరుఁగల్లుచక్రవర్తి గంధమునుండి సుంకము పుచ్చుకొనఁగలుగుటకు దానిఁ గొనువారు లోపలిదేశమున విస్తారముగా నుండవలెను. ఆ కొనువారిలో దేవాలయములు ముఖ్యములు. వెంకటాచలమున శుక్రవారపు టభిషేకానంతరము స్వామికిఁ బునుఁగుతైలము పూయు నాచారము నేఁటికిని నడచుచున్నది. దేవుఁడును బురుషుఁడే కదా.

కాకతీయుల తరువాత కొండవీటి కుమారగిరిరెడ్డి (1386-1402) వసంతోత్సవములలోఁ గర్పూరము వెదఁజల్లించి కర్పూరవసంతరాయఁడని పేరొందెను. ఒక రాజు తన బిరుదమును యుద్ధమునుండి గాక వాసననుండి తెచ్చుకొనుట యిది. ఆ యుత్సవములకు సరకు నందిచ్చిన వర్తకుఁడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథునిచేత హరవిలాసము కృతినందినవాఁడు. ఆ కావ్యావతారికయందు తిప్పయసెట్టి తెప్పించిన వస్తువుల పట్టిక కలదు. గోవనుండి సంకుమదము, భోటదేశమునుండి కస్తూరి, సింహళమునుండి యేనుఁగులు, హురుముంజినుండి గుఱ్ఱములు, చీనానుండి పట్టుబట్టలు. కర్పూరవృక్షముల జన్మస్థానముగాఁ జెప్పఁబడిన పంజార సుమత్రాద్వీపములోని ఫన్సూరు కావచ్చునని కొందఱి యూహ. ఆలంపురసీమవాఁడగు సురవరము ప్రతాపరెడ్డి గారు తమ ఆంధ్రుల సాంఘికచరిత్రమున (1949) ఈ వర్తకమునకుఁ దగిన ప్రాధాన్యమిచ్చిరి. కస్తూరిని ఏనుఁగుతోను, గుఱ్ఱముతోను ఒక్కవరుసలోఁ జెప్పుట శ్రద్ధగాఁ జూడఁదగినది. అవి రాజ్యాంగములు, కస్తూరియు నాకాలమున రాజ్యాంగమువంటిదే.

శ్రీనాథుఁడు రాచకొండ సర్వజ్ఞసింగభూపాలుని యాస్థానమునకును బోయినట్లు ప్రతీతి. రాచకొండ నల్లగొండ సీమలోనిది. రసార్ణవసుధాకరమను నలంకారగ్రంథ మచ్చటిది. అంతకంటెఁ బ్రకృతమునకుఁ గావలసినది, శ్రీనాథునిదిగాఁ జెప్పఁబడు నొక చాటువు. అందుఁ గవి సాంపరాయని తెలుంగురాయని కనకము నడుగలేదు, గ్రామము నడుగలేదు. కస్తూరిని భిక్షగా నడిగెను. అడిగి పుచ్చుకొన్న కస్తూరి దక్షవాటిక యంగనల వక్షములమీఁదఁ బరిమళింపవలెనని యతని కోరిక. ఇచ్చుట రాజువంతు, పుచ్చుకొనుట కవివంతు, మఱల నొరుల కిచ్చుటయుఁ గవివంతే. అల్లసాని పెద్దనదిగాఁ జెప్పఁబడు చాటువున కావ్యము చెప్పుటకుఁ గావలసిన సాధనములలోఁ గప్పురపు విడె మొకటి. అదియు నొరులు తెచ్చి యీయవలసినదే. శ్రీనాథుని చివరిదినముల దుఃఖమును జెప్పు చాటువున నాతని మెడకుఁ బొగడదండ పట్టినదని యున్నది. పొగడపూలదండకును, ఎండలో నిలువఁబెట్టి మెడకుఁ దగిలించు శిక్షాసాధనమునకును ఒక్కటియే పేరు. కస్తూరిని భిక్షగాఁ బుచ్చుకొన్న కంఠమున కా రెండవదండ పడుట కవిత్వమునకుఁ దగిన వ్యంగ్యము, జీవితమునకుఁ దగని క్రౌర్యము.

1443లో విజయనగరమునకు వచ్చిన పారసీకదూత అబ్దుర్ రజాకు తనకు జరిగిన సత్కారమును లెక్కలతో వ్రాసికొనెను: రెండు తాంబూలపు కట్టలు, 500 ఫణముల సంచి, 20 మిస్కాళ్ళ కర్పూరము. గులాబిపూ లంగళ్లలో నెల్లెడ నమ్మఁబడుచుండుననియు, ఆ ప్రజలకవి యన్నమువలె నావశ్యకములనియు నతఁడు చెప్పెను. పారసీకదేశమునుండి వచ్చినవాఁడు గులాబినిఁ జూచి యాశ్చర్యపడుట సామాన్యము గాదు. పాలమూరు సీమ యా కాలమున విజయనగర బహమనీరాజ్యములకు సరిహద్దు. పానగల్లు కోటకై 1417-20 నడుమ ఫిరోజుషా బహమనీ ముట్టడివేసి యోడిపోయెను. కోటలు చేతులు మాఱినను మర్యాదలు మాఱలేదు. రెండుపక్షముల దర్బారులలోను అతిథిని తాంబూలసుగంధములతోనే పంపిరి. 1543నుండి 1550వఱకు విజయనగరమున నాశ్రయముపొందిన ఇబ్రహీం కుతుబుషా కోయిలకొండమీఁదుగా మఱలివచ్చి గోలకొండ సింహాసనమెక్కెను. తెలుఁగుకవులు మల్కిభరాముఁడని పిలిచిన యా రాజు ఏ గంధమర్యాదలను ఎవరినుండి నేర్చెనని విడఁదీయఁబూనుట వ్యర్థము.

అయినను గోలకొండ బిజాపురములతో వచ్చిన క్రొత్తదొకటి కలదు, అది అత్తరు. పూలసారమును బట్టీపట్టి చందనతైలమునఁ జేర్చు విద్య ఉత్తరదేశమునుండి దక్కనునకు వ్యాపించినది. బిజాపురమున రెండవ ఇబ్రహీం ఆదిలుషా పేర ఇత్రె నౌరసుషాహీ యను సుగంధగ్రంథము వెలసినది. అత్తరునకును గంధమునకును భేద మేమనఁగా, గంధము కనఁబడును, అత్తరు కనఁబడదు. మహమ్మదుప్రవక్త ప్రవచనములలోఁ బురుషుని పరిమళము వాసన వెలికివచ్చి రంగు దాఁగునదనియు, స్త్రీది రంగు కనఁబడి వాసన దాఁగునదనియు నొకటి యున్నది. తెలుఁగుపెండ్లిలోఁ బురుషుని మెడమీఁదఁ బచ్చగాఁ గనఁబడు గంధమునకును, శుక్రవారపు నమాజునకుఁ బోవు పెద్దమనిషి చెవిమడతలోని యత్తరు దూదిపింజకును దీనివలన భేదము తెలియును. ఒకటి చూచువారికొఱకు, ఒకటి ప్రక్కనిలిచినవారికొఱకు. హైదరాబాదు దర్బారులలో అత్తరుపాను తెచ్చుట సభ ముగిసినదనుటకు గుర్తు. ఇంగ్లీషు రెసిడెంటులును దానిఁ బుచ్చుకొనియే లేచిరి. వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు కవిపండితులను బిలిచి సత్కరించుటకుఁ బ్రసిద్ధములు. తిరుపతివేంకటకవులును ఈ సంస్థానములకు వచ్చినవారే. కొల్లాపురప్రభువుల యింటిపేరు సురభి యగుట కాకతాళీయమైనను, ఈ ప్రకరణమునఁ జెప్పక విడువఁదగదు.

పుచ్చుకొనువానికి గౌరవమని యింతవఱకుఁ జెప్పఁబడినది. నూఱువాని మాట యేమి? దీనికిఁ దుంగభద్రాతీరపు మంత్రాలయమునందు 1671లో బృందావనప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమకథ యొకటి పాలమూరు, రాయచూరు సీమల మాధ్వగృహములలోఁ జెప్పుకొనఁబడును. వేంకటనాథుఁడను పేరుగల పేదపండితుఁడుగా నొకయింట సంతర్పణకుఁ బోయినప్పుడు, ఆయనను విద్వాంసుఁడని యెఱుఁగక, గంధము నూఱు పనికిఁ బెట్టిరఁట. ఆయన యలవాటుచొప్పున వేదము వల్లించుచు నూఱుచుండఁగా నాలుక కగ్నిసూక్తము వచ్చెను. ఆ గంధము పూసికొన్న యతిథులందఱకు నొడలు మండెను. యజమానుఁడు తప్పు తెలిసికొని వేఁడుకొనఁగా వరుణసూక్తమున మంట చల్లార్చెను. ఈ కథను మంత్రశక్తికి నిదర్శనముగాఁ జెప్పుదురు. దాని క్రిందఁ గనఁబడు సంఘముమాట వేఱు. ఒక్క పంక్తికి వచ్చిన ఇద్దఱు బ్రాహ్మణులలో నొకఁడు గంధము నూఱువాఁడు, ఒకఁడు పూయించుకొనువాఁడు; ఆ విభాగమును జేసినది బట్టల మేలిమి, చదువు గాదు. ఇఁక నూఱుటకుఁ గూడ నింటిలోపలికి రానీయఁబడనివారి గతి చెప్పనక్కఱలేదు. అగ్రతాంబూల మెవరికను తగవులు విన్నవారికి, మొదటి గంధ మెవరికను తగవు క్రొత్త గాదు. చందనపుగిన్నె యరుఁగుమీఁదఁ దిరుగును. అరుఁగుదిగి వాకిటికిఁ బోదు.

దిగిపోయినచోటు దర్గా. ఉరుసునందుఁ బ్రధానమైన తంతునకు ఉర్దూలో సందలనియు, తెలుఁగులో గంధమనియుఁ బేరు. పాత నల్లగొండ జిల్లాలోనిదై నేఁడు సూర్యాపేటజిల్లాలోనున్న జాన్‌పహాడు సైదులుదర్గాయందుఁ జనవరినెలలో జరుగు ఉరుసునకు హిందువులు, మహమ్మదీయులు, లంబాడీలు వేలకొలఁదిగాఁ బోవుదురు. నల్లగొండపట్టణమున లతీఫుసాహెబు గుట్ట, ఒకప్పుడు మహబూబునగరముజిల్లాలోనుండిన కొత్తూరు ప్రాంతపు జహంగీరుపీరుదర్గా, ఇట్టివే. పురుషుఁడు గంధపుపాత్రను దలమీఁదఁ బెట్టుకొని యూరేగింపుగాఁ బోవును. సమాధికిఁ బూయఁగా మిగిలినది భక్తులకుఁ బంచఁబడును. ఇచ్చట వరుసలేదు, అగ్రగంధములేదు. పీరు కాశ్రయమైన భూమి యెవరి దైనను, గంధము పుచ్చుకొనుటకుఁ జేయి చాఁపినవాని కులము నడుగు నాచారము లేదు. పల్లెప్రజలు గంధమును స్వయముగా మోయఁగలిగిన పండుగ ఇదియే యగుటచేఁ గాఁబోలును, ఉరుసు మొత్తమునకే గంధమను పేరు తెలుఁగున స్థిరపడినది.

పురుషుని సుగంధమును జూచి నవ్వుట యెప్పుడు మొదలైనది? విటుని నవ్వుట ప్రాచీనమే. కాని యది వాఁడు గంధము పూసికొన్నందులకుఁ గాదు, పూసికొని పోవుచోటునుబట్టి. నేఁటి నవ్వునకు మూలము వేఱు. 1868లో పెర్కిను కూమరినును రసాయనశాలలోఁ జేసెను. 1888లో బౌరు కృత్రిమకస్తూరిని గనుఁగొనెను. 1893లో టీమను కెంపువన్నెలేని వయొలెట్టుపూల వాసనను అయొనోనను ద్రవ్యమునఁ బట్టెను. అంతటితో భోటదేశపు మృగము, పంజారపు వృక్షము, మోటుపల్లి సుంకము అక్కఱలేని వాసనలు చిన్నసీసాలలో రైళ్ళమీఁద వచ్చినవి. కొత్తకోటకుఁ జేరువనున్న వనపర్తిరోడ్డు స్టేషనునను అవి దిగినవి. అణాలకు దొరకిన వాసన నెవ్వఁడైనను దనకుఁ దానే కొనుక్కొనఁగలఁడు, ఇచ్చువాఁ డక్కఱలేదు. ఉర్దూ షౌకునుండి వచ్చిన సోకు అను మాట తెలుఁగున నిందార్థమునకు దిగుట యీ మార్పుతోఁ బొసఁగును. సోకుచేసికొనుట యనుటలోఁ జేసికొనుటయే యసలు నింద. స్వదేశివ్రతము పట్టినవారు పరదేశపు సెంటు విడిచిరి. ఖద్దరు ధరించినవాఁ డత్తరును జాలించెను. గంధమును మాత్రము వారెవ్వరును నిరాకరింపలేదు. గాడిద కేమి తెలియును గంధపువాసన యను సామెతలో, వాసన తెలియనివాఁడే తక్కువవాఁడు, పూసికొన్నవాఁడు గాఁడు.

1949లో జాగీరులతోపాటు సంస్థానములును రద్దయినవి. కవికిఁ బన్నీరు చిలికి పంపు ప్రభువు లేకపోయెను. 1972నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టముచేఁ గస్తూరిమృగమును జంపుట నేరమైనది. శ్రీనాథుఁ డడిగిన భిక్ష నిప్పుడు ధర్మముగా నెవ్వఁడును బెట్టలేఁడు. కొత్తకోటవంటి యూళ్లలో వెండిపన్నీటిబుడ్డి పెండ్లిపందిరి వాకిట నింకను నిలిచియున్నది. వరుఁడు స్నానము కాఁగానే సీసాలోని సెంటును దానే చల్లుకొనును. గంధమునకు మాత్రము పురోహితుఁడు చేయి చాఁపుమనువఱకు వేచియుండును.